ఆట వేదిక మీద, మాట గడప బయట

సభకు జనం చేరాలంటే డప్పు కావాలి. జనం చేరిందాకా కొడతారు. చేరినంక మైకు ముందున్నాయన చెయ్యి ఊపుతాడు, డప్పు ఆగుతుంది. అక్కడినుంచి సభ ఆయనది. కొట్టినవాళ్లు హాలు బయట చెట్టుకింద డప్పులు పక్కన పెట్టుకుని కూసుంటారు. లోపల దళిత సంస్కృతి పరిరక్షణ మీద ఉపన్యాసం నడుస్తుంటుంది. ఆ సంస్కృతి బయట చెట్టుకింద కూసున్నదన్న సంగతి లోపల ఎవరికీ తట్టదు.

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో కొన్నేండ్లుగా మేము కళా ఉత్సవాలకు, సాహిత్య సభలకు, జయంతులకు, వర్ధంతులకు తిరుగుతున్నాం. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ జిల్లాలయ్యాయి. అంతకుముందు ఇందులో ఎక్కువ భాగం వరంగల్ జిల్లా. జిల్లాలైనంక కలెక్టరాఫీసులు వచ్చాయి, వాటి వెనక జిల్లా స్థాయి ఉత్సవాలు వచ్చాయి. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి, సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజు పేరుమీద తెలంగాణ భాషా దినోత్సవం, అదే నెలలో ఐలమ్మ వర్ధంతి, జయంతి. కాళోజీ పేరుతో హన్మకొండలో కళాక్షేత్రానికి 2014లో పునాది వేసి 2024 నవంబర్‌లో తెరిచారు. హాళ్లు వద్దని మేము అనటం లేదు. చెట్టుకింద కూసోబెట్టబడ్డ కులాలనుంచి వచ్చినవాళ్లం, నీడ విలువ మాకు తెలుసు. మా ప్రశ్న హాలు గురించి కాదు, హాల్లో నడిచే మాట గురించి.

ఈ సభల్లో దళితుల ఆటకు, పాటకు, డప్పుకు చోటు దొరికింది. దళితుల ప్రశ్నకు దొరకలేదు. ఆటను తీసుకుని ఆటలో ఉన్న వాదాన్ని వదిలేసే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. ఆధిపత్య కులాల సభలే కాదు, మనం పెట్టుకునే సభలు కూడా ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. దీన్ని విమర్శకు పెట్టడమే ఈ వ్యాసం పని.

పన్నెండు నిమిషాల పురాణం

ఒక పట్టణంలో జానపద కళల మీద రెండు రోజుల సదస్సు. పట్టణం పేరు చెప్పటం అనవసరం, ఏ పట్టణమైనా అంతే. మొదటిరోజు పొద్దున చిందు కళాకారులను పిలిచారు. తెల్లారకముందే ముఖాలకు రంగులు వేసుకుని వచ్చారు. జాంబపురాణం ఆడటానికి వాళ్లకు ఇచ్చిన సమయం పన్నెండు నిమిషాలు. రాత్రంతా ఆడే ఆటను పన్నెండు నిమిషాల్లో ఆడి, శాలువాలు కప్పించుకుని, ఫొటో దిగి కిందికి వచ్చారు. తర్వాత ఒక ఆచార్యులు చిందు కళ విశిష్టత మీద నలభై నిమిషాలు మాట్లాడారు. మాటలు మంచివే. ప్రాచీనత అన్నారు, అంతరించిపోతోందన్నారు, కాపాడుకోవాలన్నారు. చివర్న చర్చకు పది నిమిషాలని కార్యక్రమ పత్రంలో అచ్చేసి ఉంది. చర్చ మొదలు కాగానే వెనక వరుసలో రంగు కడుక్కోని ముఖంతోనే ఒక పెద్దమనిషి చెయ్యి లేపాడు. ఆచార్యులు చెప్పిన కథలో ఒక ఘట్టం తప్పు పోయిందని ఆయన బాధ. నిర్వాహకులు గడియారం చూసుకున్నారు. "భోజనాలు చల్లారుతున్నయి, సమయం లేదు" అన్నారు. సభ లేచింది.

మేము కూడా ఆరోజు చెయ్యి లేపలేదు. ఇది దాచుకోదగ్గ సంగతి కాదు. మా ఇండ్లలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్లం మేము. సెమినార్ హాల్లో ప్రశ్న అడగాలంటే ఇప్పటికీ నాలుక తడారుతుంది. అడిగే ముందు నా తెలుగు సరిగ్గా ఉందా అని లోపల ఒకసారి చదువుకుంటాం. చదువుకునే లోపల సమయం అయిపోతుంది. ఆ పెద్దమనిషికి ఆ భయం లేదు. ఆయనకు తన పురాణం తెలుసు. తెలిసినాయనకు సమయం లేదు, సమయం ఉన్నవాళ్లకు ధైర్యం లేదు. ఆ సభ ఎందుకు మా మనసులో ముల్లులా మిగిలిందంటే ఇందుకే.

మా పురాణమే ఒక చర్చ

ఆ పన్నెండు నిమిషాల్లో ఏం పోయిందో చూద్దాం.

జాంబపురాణం మాదిగల పుట్టుక పురాణం. దక్కలివాళ్లు పటం విప్పి, కిన్నెర మీటుతూ మాదిగలకు చెబుతారు. చిందోళ్లు వేషం కట్టి ఆడతారు. భూమి పుట్టకముందు ఆరునెలలకే జాంబవుడు పుట్టాడని కథ. కామధేనువు చావు, ఆ మాంసం కథ, దాంతో కులం కిందికి జారటం అందులో వస్తాయి. కానీ ఈ పురాణం నడిచే తీరు ముఖ్యం. ఒకపక్క జాంబవుడు, ఇంకోపక్క బ్రాహ్మణుడు. నువ్వెవరు, నీ పుట్టుక ఏది, నీ కులం ఏదని బ్రాహ్మణుడు అడుగుతాడు. జాంబవుడు జవాబు చెప్పి ఊకోడు, తిరిగి అడుగుతాడు. ముందు పుట్టింది ఎవరు, వెనక పుట్టింది ఎవరు, వెనక పుట్టినవాడు పైవాడు ఎట్లయ్యాడు? తెల్లారిందాకా నడిచేది ఈ వాదమే. మిగతావన్నీ, అడుగు, దరువు, కిరీటం, రంగు, ఆ వాదాన్ని మోసుకొచ్చేవి.

అంటే మా తాతల పురాణం ఒక బహిరంగ చర్చ. వాడల్లో, వందలమంది ముందు, కులం మీద ప్రశ్నకు ప్రశ్న వేసి నడిపిన చర్చ. చదువు లేదు, సంస్కృతి లేదు అన్న వాడలో ఇది తరతరాలుగా నడిచింది. సాంస్కృతిక కేంద్రాలవాళ్లు దీన్ని 'కళారూపం' అన్నారు. కళారూపం అన్నాక అందులో రూపమే మిగులుతుంది. పన్నెండు నిమిషాల్లో అడుగులు చూపించవచ్చు, వాదం వినిపించలేం. సమయం కత్తిరించినప్పుడు మొదట తెగేది బ్రాహ్మణుడిని అడిగిన ప్రశ్న. ఇది ఎవరో కావాలని చేసిన కుట్ర అని మేము అనం. కానీ ప్రతిసారీ అదే తెగుతున్నప్పుడు అది యాదృచ్ఛికమని కూడా అనలేం.

2024లో జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ఇచ్చారు. ఐదు దశాబ్దాలు చిందు యక్షగానం ఆడిన మనిషి. మాకు గర్వకారణం. ఆ గౌరవం వచ్చిననాడు వాడలన్నీ సంతోషపడ్డాయి. కానీ గౌరవించటం వేరు, వినటం వేరు. చిందోళ్లకు ఊర్ల మీద మిరాశి హక్కు ఉండేది. ఫలానా ఊరి మాదిగలు ఫలానా చిందు కుటుంబానికి గింజలు పెట్టాలి, వాళ్లు వచ్చి ఆడాలి. ఆ హక్కు చాలాచోట్ల సన్నగిల్లింది. దాని జాగలో ఇప్పుడున్నది సభలో పిలుపు. మిరాశి హక్కుగా వచ్చేది, పిలుపు దయగా వస్తుంది. హక్కుదారు రాత్రంతా ఆడతాడు, పిలిపించుకున్నవాడు పన్నెండు నిమిషాలు ఆడతాడు.

ఎవరి నోటికి ఎవరు అడ్డం

ఈ ప్రాంతంలో సభకు ఒక చరిత్ర ఉంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చాయి. పుస్తకాలకోసం పెట్టినవే. కానీ వాటి చుట్టూ సభలు లేచాయి, సభల్లోంచి ఉద్యమం లేచింది. గస్తీ నిషాన్ 53 పేరుతో నిజాం సర్కారు సభలకు ముందస్తు అనుమతి ఉండాలని ఆంక్ష పెట్టింది. సర్కారు భయపడింది బీరువాలో పుస్తకానికి కాదు, నలుగురు కూడి మాట్లాడుకోవటానికి.

ఈ చరిత్ర చెప్పేవాళ్లు 1921 నవంబర్ సంగతి తప్పకుండా చెబుతారు. హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరుగుతుంటే ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోయారు. సభ ఎగతాళి చేసింది. ఆ అవమానంలోంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది, అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడ భాగ్యరెడ్డి వర్మ మాట్లాడటం మీద సనాతనులు అభ్యంతరం లేపారు. మొదటి సంగతి పాఠాల్లో ఉంటుంది, రెండోది ఫుట్‌నోట్‌లో కూడా దొరకటం కష్టం. నోరు విప్పనివ్వలేదన్న కోపంలోంచి పుట్టిన సంస్థలో, తొమ్మిదేండ్లు తిరగకముందే, ఇంకొకరి నోటికి అడ్డం వచ్చారు. భాషకు జరిగిన అవమానం కనిపించిన కండ్లకు కులం చేసే అవమానం కనిపించలేదు.

అదే భాగ్యరెడ్డి వర్మ 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడు. ఆ సభ పిలిచింది 'పంచమ' మహాజన సభ అని. అధ్యక్షుడే ఆ పేరును నిలదీశాడు. మేము అయిదోవాళ్లం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం అన్నాడు. సభ చర్చించింది, ఆది ఆంధ్ర మహాజన సభ అని పేరు మార్చుకుంది. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసుకున్నారు. మేము సభ అని దేన్ని అంటున్నామో ఇది చూస్తే తెలుస్తుంది. పోయేటప్పుడు ఒక పేరుతో పోయి, వచ్చేటప్పుడు ఇంకో పేరుతో వచ్చారు. చర్చ అంటే అది. భాగ్యరెడ్డి వర్మ వాదం, జాంబవుడి వాదం రెండూ ఒకటేనని కూడా గమనించాలి. ముందు పుట్టింది ఎవరు అన్నదే రెండింటి ప్రశ్న. వాడలో రాత్రిపూట నడిచిన వాదం బెజవాడ హాలులో తీర్మానమైంది.

1936లో లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ అంబేద్కర్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. అచ్చు ప్రతి చూసి కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. సభ రద్దు చేసుకున్నారు. ఆయన సొంత ఖర్చుతో దాన్ని పుస్తకం వేశాడు. అదే 'కుల నిర్మూలన'. ఈ దేశంలో కులం మీద ఎక్కువమంది చదివిన ఉపన్యాసం అసలు ఇవ్వని ఉపన్యాసం. పిలిచినవాళ్లు సంస్కర్తలే, కులం పోవాలన్నవాళ్లే. అతిథిని కోరుకున్నారు, అతిథి ప్రశ్నను కోరుకోలేదు. మన పట్టణాల సాంస్కృతిక సభలకు ఈ లాహోర్ అలవాటే వచ్చింది.

పాలకుర్తిలో వినిపించనిది

జనగామ జిల్లాలో పాలకుర్తి ఉంది, బమ్మెర ఉంది. సోమనాథుడు, పోతన పేర్లమీద సభలు జరుగుతుంటాయి. సోమనాథుడి గురించి మేము విన్న ఉపన్యాసాల్లో ద్విపద ఛందస్సు వచ్చింది, జాను తెనుగు వచ్చింది, తెలంగాణ తొలికవి ఎవరన్న గొడవ వచ్చింది. బసవపురాణంలో మాదర చెన్నయ్య ఉన్నాడు. శివనాగుమయ్య ఉన్నాడు. అంటరాని భక్తుడి ఇంటికి బసవడు పోతే బ్రాహ్మణులు పోయి బిజ్జలుడికి ఫిర్యాదు చేసే కథ అది. రాజసభలో కులం మీద పంచాయితీ అది. ఆ కథను సభలో ఎత్తుకుంటే పాలకుర్తి మాదిగవాడ ముసలోళ్లకు కూడా చెప్పేది ఉంటుంది. ఛందస్సు ఎత్తుకుంటే వాళ్లకు చెప్పేది ఏముంటుంది, కుర్చీలు సర్దటం తప్ప. అంశం ఎంపికలోనే ఎవరు మాట్లాడాలో, ఎవరు వినాలో తేలిపోతుంది.

ఐలమ్మ విషయంలోనూ ఇదే. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడి తన పంటను తాను ఇంటికి చేర్చుకున్న మనిషి. 1985 సెప్టెంబర్ 10న చనిపోయింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె కథ ఆమె నోటితోనే ఉంది. ఆ పుస్తకం చేసినవాళ్లు పోయి కూసొని అడిగారు, ఆమె చెప్పింది, చెప్పింది చెప్పినట్టు రాశారు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. విగ్రహాలు చాలా ఉన్నాయి. కానీ వర్ధంతి సభల్లో ఆమె మాట చదివి వినిపించగా మేము వినలేదు. దండ వేస్తారు, వీరనారి అంటారు, ఆ తర్వాత పార్టీల లెక్కలు మొదలవుతాయి. పోరాటంలో పార్టీ పాత్ర ఎంత, మా పార్టీది ఎంత, మీ పార్టీది ఎంత. మాట్లాడిన మనిషిని మాట్లాడని విగ్రహం చేసినంక సభకు ఇబ్బంది ఉండదు.

డోర్నకల్: కూసున్న చోటు, అడగని ప్రశ్న

మాల మాదిగలకు ఒక కప్పు కింద అందరితో కూసుని వినే చోటు ఈ ప్రాంతంలో మొదట ఎక్కడ దొరికిందంటే, చర్చిలో దొరికిందని చెప్పాలి. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ దీనికి పెద్ద ఉదాహరణ. తిరునెల్వేలి ప్రాంతంనుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో ఇక్కడ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, త్యాగాలు చేశారు సరే, మమ్మల్ని స్నేహితులుగా చూడండని నిలదీసినవాడు. ఆ మాటకు అక్కడ చాలామంది నొచ్చుకున్నారు. డోర్నకల్‌లో దేశీ పద్ధతిలో కట్టిన కెథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. చుట్టుపక్కల పల్లెల్లో ఆ మేత్రాసనంలో చేరినవాళ్లు ఎక్కువమంది మాల మాదిగలే. రాత్రిబడులు, ప్రార్థన కూటాలు, కీర్తనలు. ఊరి రచ్చబండ దగ్గర నిలబడటానికి వీల్లేని మనిషి ఇక్కడ చాపమీద కూసుని అక్షరం నేర్చుకున్నాడు. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు, చదువు పుట్టుకతో వచ్చినవాళ్లకు లేదు.

అయినా విమర్శ ఉంది. బాప్తిస్మానికి ముందు నేర్చుకోవాల్సిన ప్రశ్నోత్తరాల్లో ప్రశ్న పైనుంచి వచ్చేది, జవాబు ముందే రాసి ఉండేది. తెల్లవాళ్ల సభలో తాను వేసిన ప్రశ్నలాంటిది తన పల్లె సంఘాల్లో ఒక మాదిగ వేయటానికి అజరయ్య ఏర్పాటులో ఎంత చోటు ఉంది? మాల సంఘం, మాదిగ సంఘం అన్న గీత చర్చి లోపలికి కూడా ఎందుకు వచ్చింది? చోటు దొరకటం ఒక మెట్టు, ప్రశ్న దొరకటం ఇంకో మెట్టు. మొదటి మెట్టు మీదే ఆగిపోతే, కూసోబెట్టినందుకు రుణపడి ఉండటమే మిగులుతుంది. ఈనాటి సాంస్కృతిక సభలు మనల్ని ఆ మొదటి మెట్టు మీదే నిలబెట్టి దండ వేస్తున్నాయి.

భూపాలపల్లి: రాసుకున్న ప్రశ్న

ప్రశ్నకు చట్టం చోటు ఇచ్చిన సభ ఒకటి ఉంది. సాంస్కృతిక సభల గురించి చెబుతూ దీన్ని ఎందుకు తెస్తున్నామో చివర్న తెలుస్తుంది. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. బొగ్గుగనులు, విద్యుత్ కేంద్రం, గోదావరి బ్యారేజీలు ఉన్న భూపాలపల్లి ప్రాంతానికి ఈ సభ కొత్తది కాదు. ఆ నోటిఫికేషన్‌లో ఒక నియమం ఉంది. జనం చెప్పిన అభిప్రాయాలను, అభ్యంతరాలను రాసుకోవాలి, సభ ముగిసే ముందు ఆ సారాంశాన్ని అక్కడి భాషలో జనానికి చదివి వినిపించాలి, ఆ తర్వాత అధికారులు సంతకం పెట్టాలి.

ఇది కాగితం మీద మాట. నేలమీద ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. కాళేశ్వరం ఎత్తిపోతలకు భూపాలపల్లి జిల్లా కన్నెపల్లి దగ్గర 2016 మే 2న పునాదిరాయి వేశారు. దానిమీద ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరిగింది 2017 ఆగస్టులో. పని మొదలుపెట్టినంక అభిప్రాయం అడిగారు. అనుమతులకు ముందే పనులు నడిపారని 2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తప్పుపట్టింది. 2023 అక్టోబర్ 21న అదే జిల్లాలోని మేడిగడ్డ దగ్గర బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ప్రజాభిప్రాయ సభ తంతుగా మారితే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అయినా ఆ నియమంలో ఒక బలం ఉంది. అడిగిన ప్రశ్న కాగితం మీదికి వస్తుంది. కాగితం మీదికి వచ్చిన ప్రశ్నను తర్వాత ఎవరైనా పట్టుకుని అడగవచ్చు. సాంస్కృతిక సభలో అడిగిన ప్రశ్న, ఒకవేళ అడగనిచ్చినా, గాలిలో పోతుంది. ఉపన్యాసాలన్నీ సంకలనంగా అచ్చవుతాయి, చర్చ అచ్చు కాదు. సంకలనం తిరగేస్తే ఆరోజు చెయ్యి లేపిన చిందు పెద్దమనిషి సభకు రానట్టే ఉంటుంది. ఫొటోలో మాత్రం ఉంటాడు, శాలువాతో.

మన సభలు

ఇంతవరకు ఇతరులను అన్నాం. ఇప్పుడు మనల్ని మనం అనుకోవాలి. ఏప్రిల్ 14 సభ కరపత్రం చూడండి. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, గౌరవ అతిథి. ఇంతమంది అతిథులు మాట్లాడేసరికి కూలికి పోవాల్సిన ఆడవాళ్లు లేచిపోతారు. అంబేద్కర్ ఎక్కువ చేసింది వాదన, మన జయంతిలో లేనిది అదే. మాల మాదిగ పెద్దల మధ్య కుర్చీల పంచాయితీ తేలిందనుకుంటే సభ విజయవంతం. దక్కలి, చిందు, బైండ్ల, మాష్టిలాంటి కులాలనుంచి ఉపన్యాసకులుగా పిలిచిన సభలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాళ్లను పిలుస్తాం, ఆడటానికే పిలుస్తాం. మనల్ని సవర్ణులు ఎట్లా పిలుస్తారో మనం వాళ్లను అట్లాగే పిలుస్తాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది. తెలంగాణలో 59 షెడ్యూల్డు కులాలను మూడు గ్రూపులు చేసిన చట్టం 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చింది. ఉద్యోగాల్లో వర్గీకరణ వచ్చింది, మన వేదిక మీదికి ఇంకా రాలేదు.

ఉద్యమ పాట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ధూంధాం కాలంలో పాట ప్రశ్నగా వచ్చింది. రాష్ట్రం వచ్చినంక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు కొలువులిచ్చారు. ఆకలితో పాడిన గొంతుకు జీతం రావటం మంచిదే, అడ్డు చెప్పం. కానీ పథకాల ప్రచారం పాడుతున్న గొంతు ఆ పథకం మా వాడకు ఎందుకు రాలేదని అడగగలదా? జీతమిచ్చేవాడు ఆటకు ఇచ్చాడు, ప్రశ్నకు ఇవ్వలేదు.

మాకు ఒక అభ్యంతరం ఎదురైంది. దాన్ని దాటవేయటం న్యాయం కాదు. చిందు పెద్దమనిషి ఒకాయనతో ఈ విషయాలన్నీ చెప్పినప్పుడు ఆయన నవ్వాడు. "బిడ్డా, మీరు చదువుకున్నోళ్లు, ప్రశ్న కావాలంటరు. మాకు కిరీటం ఇరిగింది, మద్దెల పగిలింది. ఆ పన్నెండు నిమిషాలు కూడా పోగొట్టకుండ్రి" అన్నాడు. ఈ మాటకు మా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆయన ఆకలిని మేము సిద్ధాంతంతో తీర్చలేం. పింఛను, సామాను, పిలుపు ముందు రావాలి, నిజమే. అయితే ఆ పన్నెండు నిమిషాలను ఇస్తున్నవాళ్లు ఎప్పుడైనా ఆరు చేయగలరు. దయగా వచ్చింది దయగానే పోతుంది. ఆయన సభలో మాట్లాడే మనిషి అయిననాడే ఆ సమయం ఎంత ఉండాలో ఆయన కూడా చెప్పగలడు. ప్రశ్న కడుపు నిండినవాళ్ల ముచ్చట కాదు. కడుపు నింపే లెక్కలు అడగటానికి కూడా ప్రశ్నే కావాలి.

చివరి అరగంట

కాబట్టి మేము కోరేవి పెద్దవి కాదు. ఆడినవాళ్లే ఆ ఆట గురించి మాట్లాడాలి, వాళ్ల ముందు వాళ్ల గురించి ఇంకొకరు కాదు. ఉపన్యాసకుడికి ఇచ్చే పారితోషికం వాళ్లకూ ఇవ్వాలి, దారిఖర్చులని చేతిలో పెట్టే అలవాటు పోవాలి. సభలో సగం సమయం చర్చకు ఉండాలి. అడిగిన ప్రతి ప్రశ్ననూ ఒకరు కూసుని రాయాలి, గనుల సభకు చట్టం చెప్పినట్టు చివర్న వాడభాషలో చదివి వినిపించాలి, సంకలనంలో ఉపన్యాసం పక్కనే అచ్చేయాలి. ఏడాదికి ఒకసారైనా సభ హాలు దిగి వాడకు రావాలి, కూలినుంచి మనుషులు తిరిగొచ్చి బువ్వ తిన్నంక మొదలు కావాలి. జాంబపురాణం మొదలయ్యే వేళ కూడా అదే.

ఇందులో డబ్బు ఖర్చయ్యేది తక్కువ, అధికారం ఖర్చయ్యేది ఎక్కువ. అందుకే ఆధిపత్య కులాల సభలు దీన్ని తొందరగా ఒప్పుకుంటాయని మాకు నమ్మకం లేదు. మన సభల్లో మనం మొదలుపెట్టవచ్చు. వచ్చే ఏప్రిల్ 14కు కరపత్రం అచ్చుకు ఇచ్చేటప్పుడు అతిథుల పేర్లు రెండు తగ్గించండి. ఆ జాగలో ఒక్క వాక్యం రాయండి: చివరి అరగంట అడిగేవాళ్లది. రాసినంక ఆ అరగంటను భోజనాలకు తినిపించకండి.